తేదీ లేని పాత నంబరు ప్లేట్లను కేటలాగులో ఎలా నమోదు చేయాలి?

ప్రశ్న: రేకుపెట్టె

అందరికీ నమస్కారం. పదేళ్లుగా పాత వాహనాల నంబరు ప్లేట్లు సేకరిస్తున్నాను. ఇన్నాళ్లూ దొరికినదాన్ని దొరికినట్టు గోడకు తగిలించడమో పెట్టెలో పేర్చడమో తప్ప, పద్ధతిగా ఏమీ రాసిపెట్టుకోలేదు. వాటి సంఖ్య నూట నలభై దాటాక చూసుకుంటే, ఏది ఎవరి దగ్గర కొన్నానో, దేన్ని ఏ సంవత్సరానిదని అనుకున్నానో, అసలు ఎందుకు అలా అనుకున్నానో సగానికి సగం గుర్తు లేదు. అందుకని కిందటి నెలలో స్ప్రెడ్‌షీటు ఒకటి మొదలుపెట్టి దేశం, ప్రాంతం, సంవత్సరం, నంబరు, రంగు, స్థితి అని ఆరు గడులు గీసుకున్నాను.

మొదటి ముప్ఫై ప్లేట్లు సాఫీగా సాగాయి. అవన్నీ అమెరికా రాష్ట్రాలవి. సంవత్సరం పలక మీదే అచ్చొత్తి ఉంది. చిక్కంతా ఆ తర్వాతే మొదలైంది. 1942 అని అచ్చు ఉన్న ఒక ప్లేటు మూలకు 43 అని రాసిన చిన్న లోహపు బిళ్ల బిగించి ఉంది. దీన్ని ఏ సంవత్సరం కింద రాయాలి? బ్రిటన్ ప్లేట్లు పదిహేను దాకా ఉన్నాయి, వాటి మీద ఎక్కడా సంవత్సరమే లేదు. ఎనామిల్ పూత ఉన్న నీలం పలక ఒకటి చాలా పాతదని చెప్పి అమ్మారు గాని, దాని మెరుపు చూస్తే నాకు నమ్మకం కలగడం లేదు. కడిగి చూద్దామంటే పాడవుతుందేమోనని భయం.

చివరిగా ఒక ముక్క ఉంది. నల్ల రంగు వేసిన రేకు మీద తెల్లటి అక్షరాలు. ఎవరో కింది అంచును విల్లులా వంపుగా కోసేశారు. దాన్ని స్థితి గడిలో ‘కోసేసిన పలక, సగమే మిగిలింది’ అని రాసి పక్కన పెట్టాను. ఇలాంటి పాడైన వాటికి కేటలాగులో చోటివ్వాలా, లేక విడిగా ఉంచాలా? అనుభవం ఉన్నవారు చెబితే మిగిలిన నూటపదీ ఆ దారిలో నమోదు చేసుకుంటాను.

జవాబు: కొలబద్ద

మీ షీటులో మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది ‘సంవత్సరం’ అనే గడి. అందులో మీరు మూడు వేరువేరు సంగతులను ఒకే అంకెగా కుక్కుతున్నారు: ఆ నంబరును ఎప్పుడు కేటాయించారు, ఆ పలకను ఎప్పుడు తయారుచేశారు, అది రోడ్డు మీద ఎప్పటిదాకా చెల్లింది. ఏటా కొత్త పలక ఇచ్చిన రోజుల అమెరికా ప్లేట్లలో ఈ మూడూ ఒకే ఏడాదిలో పడతాయి గనుక మీకు మొదటి ముప్ఫైలో తేడా తెలియలేదు. 1942 ప్లేటు దగ్గరకు వచ్చేసరికి అవి విడిపోయాయి. యుద్ధానికి ఉక్కు అవసరమై 1943లో చాలా రాష్ట్రాలు కొత్త పలకలు ఇవ్వడం ఆపి, పాత పలక మూలకు బిగించుకునే బిళ్లను మాత్రమే ఇచ్చాయి. కనుక మీ పలక తయారీ 1942కు, చెల్లుబాటు 1943కు చెందుతాయి. ఇకనుంచి ఆ ఒక్క గడి స్థానంలో మూడు గడులు పెట్టుకోండి.

ఆ బిళ్లను కూడా విడి వస్తువుగానే నమోదు చేయమని నా సలహా, ఎందుకంటే అది ఆ పలకతోనే వచ్చిందో, అమ్మినవారు తర్వాత ఎక్కడి నుంచో తెచ్చి బిగించారో మనకు తెలియదు. బిళ్లను ఊడదీయకుండానే కొంత కనిపెట్టవచ్చు. ఏళ్ల తరబడి ఎండలో తిరిగిన పలక మీద బిళ్ల చుట్టూ రంగు వెలసి, బిళ్ల అంచు ఏమాత్రం జరిగినా కింద తాజా రంగు సన్నటి గీతలా కనిపిస్తుంది. అలాంటి గీత లేకపోతే నకిలీ అని అర్థం కాదు. ఉంటే మాత్రం బిళ్ల చాలాకాలంగా అక్కడే ఉందన్నమాట. కాగితపు స్టిక్కర్లు ఒకదాని మీద ఒకటి అంటించి ఉన్న ప్లేట్లదీ ఇదే పద్ధతి. పైది ఆఖరి సంవత్సరం చెబుతుంది, కింద ఎన్ని ఉన్నాయో అంచును పక్కనుంచి భూతద్దంతో చూసి లెక్కపెట్టవచ్చు. తొలగించి చూడాలన్న కోరికను చంపుకోవలసిందే.

రెండో సంగతి గుర్తింపు సంఖ్య. ప్లేటు మీద ఉన్న నంబరునే మీ కేటలాగు సంఖ్యగా వాడితే త్వరలోనే గందరగోళం వస్తుంది. ఏటా పలకలు మార్చిన చోట్ల అదే నంబరు మరుసటి ఏడాది ఇంకో పలక మీద వస్తుంది. ముందుకూ వెనకకూ ఇచ్చిన జతలో రెండింటి మీదా ఒకటే ఉంటుంది. మ్యూజియంలలో చేసేదే మేలు: మీ చేతికి వచ్చిన సంవత్సరం, ఆ ఏడాది ఎన్నో విడత, ఆ విడతలో ఎన్నో వస్తువు. జత అయితే చివర క, ఖ అని చేర్చండి. ఆ సంఖ్యను పలక మీద రాయకండి. చిన్న కాగితపు చీటీ మీద రాసి బోల్టు కన్నంలోంచి నూలుదారంతో కట్టండి.

స్ప్రెడ్‌షీటు గురించి ఒక హెచ్చరిక. నంబరు గడిని మొదటే ‘పాఠ్యం’ రకానికి మార్చకపోతే అది మీ నంబర్లను తనకు తోచినట్టు దిద్దుతుంది. సున్నాతో మొదలయ్యే నంబరులో సున్నా ఎగిరిపోతుంది, 12-5 అని కొడితే తేదీ అయి కూర్చుంటుంది, 1E5 అని కొడితే ‘ఒకటి పక్కన అయిదు సున్నాలు’ అని చదివి లక్ష చేస్తుంది. ఇది నాకు జరిగింది. రెండు వందల వరుసలు నింపాక గాని గమనించలేదు. మీ దగ్గర రష్యా ప్లేట్లు ఉంటే ఇంకో సూక్ష్మం ఉంది. 1990ల నుంచి అక్కడ మామూలు వాహనాల ప్లేట్ల మీద సిరిలిక్, లాటిన్ లిపులు రెండింటిలోనూ ఒకే ఆకారంలో కనిపించే పన్నెండు అక్షరాలే వాడుతున్నారు. కంటికి ఒకటే అయినా కంప్యూటరుకు అవి వేరువేరు అక్షరాలు. ఏ లిపిలో కొడుతున్నారో ముందే నిర్ణయించుకోకపోతే మీరు నమోదు చేసిన ప్లేటు మీరు వెతికినా దొరకదు.

ఇక కొలతలు. ఇదే నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం, చాలామంది సేకర్తలు అశ్రద్ధ చేసేది కూడా ఇదే. పొడవు, ఎత్తు, రేకు మందం, అంకెల ఎత్తు, అంకె గీత వెడల్పు, కన్నాల నడిబొడ్డుల మధ్య దూరం అన్నీ మిల్లీమీటర్లలో రాయండి. అమెరికాలో 1956లో వాహన తయారీదారులూ రిజిస్ట్రేషను అధికారులూ 12 అంగుళాల పొడవు, 6 అంగుళాల ఎత్తు అన్న కొలతకు ఒప్పుకునేదాకా ఏ రాష్ట్రం కొలత దానిదే. టెన్నెసీ 1936 నుంచి 1956 దాకా రాష్ట్రం పటం ఆకారంలోనే పలకలు చేయించింది. కనుక ఏ ప్రాంతానిదో తెలియని పలక విషయంలో కొలతలే మొదటి ఆధారం. అయస్కాంతం అంటుకుంటుందా లేదా అనేది కూడా రాయండి. ఇనుమో అల్యూమినియమో తేలడానికి అర నిమిషం చాలు.

కన్నాలను భూతద్దంలో చూడటం అలవాటు చేసుకోండి. కార్ఖానాలో రంగు వేయకముందే గుద్దిన కన్నం లోపలి అంచుకు కూడా రంగు పాకి ఉంటుంది. యజమాని తన బండికి సరిపడేలా తర్వాత తొలిచిన కన్నం అంచులో లోహం బయటపడి, వెనకవైపు గరుకుగా లేచి ఉంటుంది. నా దగ్గరున్న ఒక పలకకు ఆరు కన్నాలు. అందులో రెండే కార్ఖానావి. మిగిలిన నాలుగూ రెండు జతలుగా, రెండు వేరువేరు దూరాలలో ఉన్నాయి. అంటే ఆ పలక ఒకటికి మించిన బండ్ల మీదో, బ్రాకెట్ల మీదో తిరిగి ఉండాలి. ఇలాంటిది నంబరు చూస్తే తెలియదు.

ఇదంతా రాసేటప్పుడు ‘చూసినది’, ‘అనుకుంటున్నది’ అని రెండు గడులు వేరుగా ఉంచండి. రెండోదానిలో కారణం కూడా ఒక వాక్యంలో రాయండి. అయిదేళ్ల తర్వాత మీ అభిప్రాయం మారినా మొదటి గడి మారదు. పాడైన ముక్కకు చోటివ్వాలా అని అడిగారు; తప్పకుండా ఇవ్వండి. అయితే ‘కోసేసిన పలక’ అన్నది మీరు చూసినదా, అనుకున్నదా?

జవాబు: దుమ్ముదస్త్రం

కొలబద్ద గారు పలకను చూసి చెప్పగలిగినది చెప్పారు. నేను కాగితాల వైపు నుంచి రాస్తాను, మీ బ్రిటన్ ప్లేట్ల ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది గనుక.

తేదీ లేని ప్లేటు ఎదురైనప్పుడు ముందుగా అడగవలసింది, ఆ చోట పలకను ఎవరు తయారుచేసి ఇచ్చేవారు అని. ఈ ఒక్క ప్రశ్నతో సగం చిక్కుముడి విడిపోతుంది. పారిస్‌లో 1893లో వచ్చిన పోలీసు ఉత్తర్వు ప్రకారం వాహనం మీద యజమాని పేరు, చిరునామా, అనుమతి సంఖ్య ఉన్న పలక ఉండాలి. నెదర్లాండ్స్ 1898లో దేశమంతటికీ నంబర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. న్యూయార్క్ రాష్ట్రం 1901లో చట్టం చేసినప్పుడు యజమాని పేరులోని పొడి అక్షరాలు బండి వెనక ఉంటే చాలంది, పలకను మాత్రం ఇవ్వలేదు. దాంతో కొందరు తోలు మీద లోహపు అక్షరాలు కుట్టించుకున్నారు, కొందరు చెక్క మీద రాయించుకున్నారు, కొందరు బండి మీదే రంగుతో రాసుకున్నారు. అలాంటి పలకకు సరైన కొలత, సరైన రంగు అనేవే ఉండవు. కనుక ‘ఇది ప్రమాణానికి తగ్గట్టు లేదు’ అని దాన్ని తోసిపుచ్చడం కుదరదు.

మసాచుసెట్స్ 1903లో రాష్ట్రమే పలకలు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి ఇనుప రేకు మీద ముదురు నీలం ఎనామిల్, తెల్లటి అంకెలు. మొదటి వాటి మీద సంవత్సరం ఉండదు. అంకెలు పెరిగేకొద్దీ పలక పొడవూ పెరిగింది, అందువల్ల ఒక అంకె పలకా నాలుగంకెల పలకా పక్కపక్కన పెడితే రెండూ ఒకే జారీకి చెందినవంటే కొత్తవారు నమ్మరు. మీ నీలం పలక అక్కడిదేనని అమ్మినవారు చెప్పి ఉంటే ముందు అంకెల సంఖ్యకూ పొడవుకూ పొంతన ఉందో లేదో చూడండి.

బ్రిటన్ దారి పూర్తిగా వేరు. 1903 మోటారు కారు చట్టం 1904 జనవరి 1 నుంచి అమలయింది. కౌంటీ, బరో కౌన్సిళ్లకు ఒకటి లేదా రెండు అక్షరాలు కేటాయించారు. ‘ఏ’ అనే ఒంటి అక్షరం లండన్ కౌంటీ కౌన్సిలుకు వెళ్లింది. కౌన్సిలు ఇచ్చేది నంబరే. పలకను యజమాని తనకు నచ్చిన చోట చేయించుకునేవారు. పైగా ఆ నంబరు మామూలుగా బండి ఉన్నన్నాళ్లూ దానితోనే ఉంటుంది. పలక వంగినా, తుప్పుపట్టినా, బండి చేతులు మారి కొత్త యజమానికి పాతది నచ్చకపోయినా, అదే నంబరుతో ఇంకో పలక తయారవుతుంది. అందుకే 1920ల నాటి నంబరు, దశాబ్దాల తర్వాత అచ్చొత్తిన అల్యూమినియం పలక మీద కనిపించడం అక్కడ మామూలే. మీ పదిహేను ప్లేట్లలోనూ నంబరు తేదీ ఒకటి, పలక తేదీ ఒకటి అని మొదటి నుంచీ విడదీసి ఆలోచించండి.

నంబరు తేదీకి హద్దులు పెట్టడం అంత కష్టం కాదు. రెండక్షరాల వరుసలు కొన్ని చోట్ల అయిపోవడంతో 1932లో మూడక్షరాలవి మొదలయ్యాయి. 1963లో చివర సంవత్సరాన్ని సూచించే అక్షరం వచ్చింది, 1965కల్లా దేశమంతటా అది తప్పనిసరైంది. 1983లో ఆ అక్షరం ముందుకు మారింది, 2001లో ఇప్పటి పద్ధతి వచ్చింది. పలక విషయంలో, 1973 నుంచి కొత్త బండ్లకు కాంతిని తిప్పికొట్టే తెలుపు, పసుపు పలకలు తప్పనిసరి అయ్యాయి. పాత బండ్లు నల్ల పలకలతోనే తిరగవచ్చు. ఈ మైలురాళ్లను పట్టుకుని ‘ఇంతకుముందు కాదు’, ‘ఇంత తర్వాత కాదు’ అని రెండు హద్దులు రాయండి. తెలిసినదంతా ఒక్క సంవత్సరంలో చెప్పాలన్న పట్టుదలే కేటలాగులను పాడుచేస్తుంది.

జర్మనీలో 1906లో దేశానికంతటికీ ఒక పద్ధతి నిర్ణయించారు. ప్రష్యాకు రోమన్ ఒకటి, బవేరియాకు రోమన్ రెండు, దాని పక్కన జిల్లాకు ఒక అక్షరం. రోమన్ ఒకటి పక్కన ‘ఏ’ ఉంటే బెర్లిన్, రోమన్ రెండు పక్కన ‘ఏ’ ఉంటే మ్యూనిక్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆక్రమణ మండలాల వారీ గుర్తులు వచ్చాయి, 1956లో ఇప్పటి పద్ధతి మొదలైంది. ఇక్కడ ఇంకో తంటా ఉంది: రోమన్ ఒకటిని అంకెగా నమోదు చేయాలా, ‘ఐ’ అక్షరంగానా? నేను అక్షరంగానే నమోదు చేసి, పక్క గడిలో అది రోమన్ అంకె అని రాస్తాను.

ఆధారాల గురించి నాలుగు మాటలు. చట్టాలు, ప్రభుత్వ గెజిట్లు, లైసెన్సు చిట్టాలు మొదటి వరసలో ఉంటాయి, అయితే ఉత్తర్వు అమలయ్యే తేదీకీ కొత్త పలకలు నిజంగా రోడ్డెక్కిన తేదీకీ మధ్య ఎడం ఉంటుందని మరవకూడదు. పాత సరుకు అయిపోయేదాకా పాతవే ఇచ్చిన సందర్భాలు అన్ని చోట్లా ఉన్నాయి. తర్వాతివి ఫోటోలు, పోస్టుకార్డులు. తేదీ తెలిసిన ఫోటోలో ఆ రకం పలక కనిపిస్తే అది అప్పటికే వాడుకలో ఉందని తేలుతుంది. అయితే రంగును మాత్రం ఫోటో చూసి నిర్ణయించవద్దు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాలలో ఫోటోలకు విరివిగా వాడిన ‘ఆర్థోక్రోమాటిక్’ రకం గాజు ప్లేట్లకూ ఫిల్ములకూ ఎరుపు పట్టదు. ఎర్రటి పలక వాటిలో నల్లగా పడుతుంది, నీలం తెల్లబోతుంది. ‘నల్ల పలక మీద తెల్ల అంకెలు’ అని పాత జాబితాల్లో ఉన్న ఒకటి రెండు రకాలు వస్తువు దొరికాక ఎర్రవని తేలడం నేను స్వయంగా చూశాను.

సేకర్తల సంఘాల జాబితాలు చాలా ఉపయోగపడతాయి. అమెరికా కేంద్రంగా 1954లో ఏర్పడిన ఆల్ప్కా, ఐరోపాలో 1971లో మొదలైన యూరోప్లేట్ ఈ రంగంలో పెద్దవి. వాటి సభ్యుల పరిశీలనకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. అయినా మూడు జాబితాలు ఒకే మాట చెబుతుంటే మూడు సాక్ష్యాలు దొరికాయని సంబరపడకండి. తరచూ రెండు మూడోదాన్ని చూసి రాసినవే అయి ఉంటాయి. ముగ్గురిలోనూ ఒకే అక్షరదోషం కనిపిస్తే ఆ అనుమానం రూఢి అవుతుంది.

ఇంకొకటి. ఇటీవలి దశాబ్దాల ప్లేట్లను ఫోటో తీసి బయటపెట్టేటప్పుడు ఆ నంబరు ఇంకా ఎవరి బండి మీదైనా ఉండే అవకాశం ఉంటే రెండు మూడు అంకెలు కప్పేయండి. కొన్ని దేశాలలో గడువు తీరిన పలకను తిరిగి అప్పగించాలన్న నియమం కూడా ఉంది. కొనే ముందు కనుక్కోవడం మంచిది.

జవాబు: గాజుపూత

ఎనామిల్ పలక గురించి మాత్రమే రాస్తాను. మిగిలినవాటిలో పై ఇద్దరికీ నాకన్నా ఎక్కువ తెలుసు. ఒక్కచోట మాత్రం కొలబద్ద గారితో విభేదిస్తాను. ఎనామిల్ పలకలకు కన్నంలోంచి దారం కట్టవద్దు. కన్నం అంచులోనే పూత అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది, చీటీ లాగినప్పుడల్లా ఒక పెళ్ల ఎగిరిపోతుంది. ఆమ్లం లేని కాగితంతో కవరు మడిచి, సంఖ్యను కవరు మీద రాయడం సురక్షితం.

మెరుపును చూసి అనుమానించకండి. ఎనామిల్ అంటే లోహం మీద కరిగించిన గాజు. నూరేళ్ల తర్వాత కూడా నిన్న తీసినట్టు మెరవగలదు. చూడవలసినది పెచ్చు ఊడిన చోటు. పాత పనితనంలో ఇనుముకు ముందుగా ముదురు రంగు అడుగుపూత వేసి కాల్చి, దాని మీద రంగుపూత వేసి మళ్లీ కాల్చేవారు. అడుగుపూతలో కోబాల్టు ఉండటం వల్ల అది ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది, నలుపో ముదురు నీలమో కనిపిస్తుంది. కనుక పెచ్చు అంచును పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో చూస్తే మెట్లలా పొరలు కనబడాలి: పైన తెలుపు, దాని కింద నీలం, దాని కింద ముదురు పొర, అట్టడుగున ఇనుము. పొరలు లేకుండా ఒకే రంగు నేరుగా లోహం మీద కూర్చుని ఉంటే అది పెయింటు, లేదా ఈ మధ్య చేసిన నకలు.

పెచ్చులు ఎక్కడ ఊడాయో కూడా కథ చెబుతుంది. నిజంగా తిరిగిన పలకకు బోల్టులు బిగించిన చోట, రాళ్లు తగిలిన కింది భాగంలో, ఎవరో బిగిస్తూ వంచిన మూలలో దెబ్బలు ఉంటాయి. వాటిలో తుప్పు ముదురు గోధుమ రంగులో గట్టిపడి ఉంటుంది. నాలుగు కన్నాల చుట్టూ ఒకే కొలతలో, గుండ్రంగా, వేలికి అంటే నారింజ రంగు తుప్పుతో పెచ్చులు ఊడి ఉంటే ఎవరో కూర్చుని సుత్తితో చేశారని అనుకోవచ్చు. మీ పలక మీద ఈ రెండింటిలో ఏది ఉందో రాయండి.

కడగడం విషయానికొస్తే, పగుళ్లు లేని ఎనామిల్‌కు గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల మెత్తటి సబ్బు, దూది చాలు, వెంటనే ఆరబెట్టాలి. పెయింటు వేసిన పలకలకు పొడి మెత్తటి కుంచె దాటి వెళ్లకండి. గరుకు కాగితం అసలే వద్దు. చరిత్ర పోతుందన్నది ఒక కారణమైతే, పాత పెయింట్లలో సీసం ఉంటుంది, ఆ దుమ్ము పీల్చకూడదన్నది అంతకన్నా పెద్ద కారణం. లోహం కానివాటికి తడి తగిలించనే కూడదు. ఇల్లినాయ్ రాష్ట్రం 1943 నుంచి కొన్నేళ్లు సోయాచిక్కుడుతో చేసిన అట్టలాంటి పదార్థంతో పలకలు ఇచ్చింది. మేకలూ ఆవులూ వాటిని నమిలేశాయని సేకర్తలు ఇప్పటికీ చెప్పుకుంటారు. మంచి స్థితిలో ఉన్నవి తక్కువగా దొరకడానికి నేను మాత్రం మేకలకన్నా వానను ఎక్కువ నిందిస్తాను.

మళ్లీ రంగు వేసిన పలకలను ‘పునరుద్ధరించినది’ అని గౌరవంగా రాయకుండా ‘తర్వాత రంగు వేసినది’ అనే రాయండి. కొత్త రంగు కింద తుప్పు గుంటలు, వెనకవైపు కారిన చారలు, అంకెల మూలల్లో నిండిపోయిన రంగు చూస్తే తెలుస్తుంది. దాచేటప్పుడు పీవీసీ కవర్లు, ఓక్ చెక్క పెట్టెలు వాడకండి. రెండింటి నుంచీ లోహాన్ని తినేసే ఆవిర్లు వస్తాయి.

జవాబు: రేకుపెట్టె

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రమంతా భూతద్దంతోనే గడిపాను.

నీలం పలక పెచ్చుల్లో పొరలు లేవు. నీలం నేరుగా లోహం మీదే ఉంది, నాలుగు కన్నాల చుట్టూ పెచ్చులు చక్కగా గుండ్రంగా ఉన్నాయి, వేలికి నారింజ పొడి అంటింది. అయస్కాంతం అంటుకుంటుంది. ‘చూసినది’ గడిలో ఇవన్నీ రాశాను. రెండో గడిలో ‘నకలు’ అని రాయడానికి మనసొప్పక కాసేపు ఆగాను గాని, రాశాను.

1942 ప్లేటు బిళ్ల అంచున తాజా రంగు గీత ఉంది. అది చూశాక కొంత ఊరట కలిగింది.

కొలబద్ద గారు ఆ కోసేసిన ముక్క గురించి అడిగిన ప్రశ్న నన్ను ఇబ్బంది పెట్టింది. మళ్లీ తీసి చూశాను. కింది వంపు అంచులో ఎక్కడా లోహం బయటపడలేదు. నల్ల రంగు అంచు మీదుగా రెండో వైపుకు పాకి ఉంది. వెనక్కి తిప్పితే, ఇన్నాళ్లూ మురికి అనుకున్న దాని కింద అవే అక్షరాలు, అవే అంకెలు కనబడ్డాయి. రెండక్షరాలు, నాలుగంకెలు. రెండు వైపులా అంకెల ఎత్తు 44 మిల్లీమీటర్లు. వంపు అంచుకు దగ్గరగా రెండు చిన్న కన్నాలు ఉన్నాయి, వాటి లోపలా రంగు ఉంది. రెండు పలకలు వీపుకు వీపు అతికించారేమో అనుకుని మందం కొలిచాను, ఒకే రేకు. ఇది ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

జవాబు: కొలబద్ద

మీ ముక్క పూర్తి పలకే, దాన్ని ఎవరూ కోయలేదు. అది మోటారు సైకిలు ముందు చక్రం మడ్‌గార్డు మీద, బండి వెళ్లే దిశలోనే నిలువుగా బిగించే పలక. మడ్‌గార్డు గుండ్రంగా ఉంటుంది గనుక కింది అంచు ఆ వంపులో ఉంది. బండిని రెండు పక్కల నుంచీ చూసి నంబరు చదవాలి గనుక రెండు ముఖాల మీదా రాశారు. బ్రిటన్‌లో మోటారు సైకిళ్లకు 1975 దాకా ఇది తప్పనిసరి. రెండక్షరాలు, నాలుగంకెలు అన్న వరుస కూడా ఆ దేశపు పాత పద్ధతికి సరిపోతుంది. ఆ రెండక్షరాలు ఏ కౌన్సిలువో చూస్తే ప్రాంతం తెలుస్తుంది.

తేదీ దగ్గర మాత్రం ఆగండి. దుమ్ముదస్త్రం గారు చెప్పినట్టు నంబరు తేదీ పలక తేదీ కాదు. పైగా 1975 తర్వాత కూడా పాత బండ్లను ముచ్చటగా ఉంచుకునేవారు ఇలాంటివి చేయించుకుంటూనే ఉన్నారు. అక్షరాలు చేత్తో రాసినవా, అచ్చుతో వేసినవా? టార్చిలైటును పలకకు దాదాపు సమాంతరంగా పట్టుకుని పక్కనుంచి వెలుగు పడేలా చూడండి. చేతిరాత అయితే కుంచె ఆగిన చోట రంగు కాస్త మందంగా లేచి నీడ వేస్తుంది, ఒకే అంకె రెండు ముఖాల మీదా అచ్చంగా ఒకేలా ఉండదు.

జవాబు: రేకుపెట్టె

చూశాను. చేతిరాతే. రెండు ముఖాల మీదా ఉన్న 7 అంకె ఒకచోట సూటిగా దిగింది, రెండోవైపు కాలు కొద్దిగా లోపలికి వంగింది. ఆ వంగిన వైపు 3 కింద, తెలుపు పలచబడిన చోట, పెన్సిలుతో గీసుకున్న అడ్డగీత కూడా కనబడుతోంది.

స్థితి గడిలో ‘కోసేసిన పలక, సగమే మిగిలింది’ అన్నది కొట్టేయలేదు. దాన్ని తేదీతో సహా రెండో గడికి మార్చి, పక్కన ‘తప్పు’ అని రాసి, కొత్త వివరం దాని కింద చేర్చాను. పలక తేదీ గడి ప్రస్తుతానికి ఖాళీగానే ఉంది. ఇప్పుడు మిగిలిన బ్రిటన్ ప్లేట్లన్నిటినీ వెనక్కి తిప్పి చూడాలి. వాటిలో ఆరింటి వెనకవైపు నేను ఇంతవరకు చూడనేలేదు.